కార్డు తీసేశాను, ఇప్పుడు పార్సిళ్లు పక్కింటికి వస్తున్నాయి

పేరు రాయొద్దని కోరిన ఒక పాఠకురాలి పెద్ద ఉత్తరం ఇది. క్లుప్తంగా సంగతి చెబుతాను. ఆమెకు 36 ఏళ్లు, భర్తకు 39. ఇద్దరూ ఉద్యోగస్తులు, తొమ్మిదేళ్ల బాబు ఉన్నాడు. రాత్రి లైటు ఆర్పాక భర్త ఫోన్ అందుకుంటారు. ముందు వార్తలు, తర్వాత ఏవో వీడియోలు, చివరికి షాపింగ్ యాప్. ఇంట్లో ఇప్పటికే నాలుగు టార్చిలైట్లు, రెండు డ్రిల్లు మిషన్లు, లెక్కలేనన్ని వాచీ బెల్టులు ఉన్నాయి. మంచం కింద విప్పని అట్టపెట్టెలు ఉన్నాయి. అడిగితే "ఆఫర్‌లో కొన్నా, సగం మిగిలింది", లేదంటే "నచ్చకపోతే రిటర్న్ చేస్తాలే" అంటారు. ప్రతి నెలా కొంత దాచుకుందామని ఇద్దరూ అనుకున్నారు కానీ ఆర్నెల్లుగా ఆ పొదుపు పెరగడం లేదు.

షాపింగ్ అకౌంటు ఇద్దరికీ ఒకటే. నెల కిందట ఆమె భర్తకు చెప్పకుండా అందులోంచి కార్డు తీసేసి, పాస్‌వర్డ్ మార్చేశారు. మర్నాడు ఆఫీసులో అందరూ కలిసి ఒక సహోద్యోగికి కానుక కొంటూ, ఆ బాధ్యత ఆయనకు అప్పగించారు. పదిమంది ముందూ ఫోన్ తీస్తే అకౌంటే తెరుచుకోలేదు. ఇంటికొచ్చి, "నన్ను చిన్నపిల్లాణ్ని చేశావు" అన్నారట. ఆ రోజు నుంచీ మాటలు ముక్తసరిగానే. పోయిన వారం పక్కింటావిడ ఒక పార్సిల్ తెచ్చిచ్చింది. దాని మీద ఉన్నది ఆయన పేరు, ఇచ్చింది పక్కింటి అడ్రసు. ఇది చాలదన్నట్టు, చదువు కోసం కొనిచ్చిన ట్యాబ్లెట్‌లో బాబు హెడ్‌ఫోన్లు ఆర్డర్ పెట్టాడు. ఎందుకు పెట్టావంటే "నాన్న కూడా అంతేగా" అన్నాడు. "కార్డు తీసేయడం నా తప్పా? అకౌంట్లు విడగొట్టుకోవాలా? లేక చూసీ చూడనట్టు వదిలేయాలా?" అని అడుగుతూ, చివర్లో ఒక మాట చేర్చారు: "నేనూ ఫోన్‌లోనే కొంటాను కానీ, నావన్నీ అవసరాలే."

మీ మొదటి ప్రశ్నకు సూటిగానే చెబుతానమ్మా. చెప్పకుండా తీసేయడం తప్పే. పదిమందిలో ఆయనకు తలవంపులైందన్నది ఒక కారణం. అంతకన్నా ముఖ్యమైనది, దానివల్ల పని జరగలేదు. కొనడం ఆగలేదు, మీకు కనబడడం మాత్రమే ఆగింది. నెల కిందటి వరకూ ఆయన ఎంత కొంటున్నారో మీకు తెలిసేది. ఇప్పుడు పక్కింటావిడకు తెలుస్తోంది.

మీరు ఆ పని ఎందుకు చేశారో నాకు అర్థమవుతోంది. అడిగి అడిగి విసిగిపోయిన మనిషి చేసే పనే అది. అయినా మీ ఉత్తరం రెండోసారి చదువుతుంటే అందులో మూడు గొడవలు కలిసిపోయి ఉన్నాయనిపించింది. ఒకటి డబ్బు. రెండోది ఇంట్లో పేరుకుపోతున్న సామాను. మూడోది రాత్రిపూట పక్కనే ఉండి కూడా లేని మనిషి. ఆగిపోయిన పొదుపు గురించి మీరు ఒకే ఒక్క వాక్యం రాశారు. మంచం కింది పెట్టెల గురించి ఒక పేరా రాశారు. రాత్రి పదకొండింటికి ఆయన ముఖం మీద పడే ఫోన్ వెలుతురు గురించి మాత్రం మూడుచోట్ల రాశారు. మిమ్మల్ని ఎక్కువ బాధపెడుతున్నది ఏదో ఆయనతో మాట్లాడే ముందు మీరే తేల్చుకోవాలి. మూడోదే అయితే, డబ్బు లెక్కలు ఎంత పక్కాగా సరిచేసినా మీ కోపం తగ్గదు. "ఇన్ని టార్చిలైట్లు ఎందుకు" అని మీరడిగితే ఆయన టార్చిలైట్ల గురించే జవాబు చెబుతారు. "ఈ మధ్య రాత్రిళ్లు మనం మాట్లాడుకోవడమే మానేశాం" అంటే సంభాషణ ఇంకోలా సాగుతుంది.

ఇక ఆయన వైపు చూద్దాం. ఆయన్ని వెనకేసుకురావడానికి కాదు, ఎక్కడ పట్టుకోవాలో తెలియడానికి. ఒక వస్తువు కావాలనిపించడానికీ, దాన్ని కొనడానికీ మధ్య ఒకప్పుడు బోలెడన్ని పనులుండేవి. బట్టలు మార్చుకుని బయల్దేరాలి. వెళ్లేసరికి షాపు తెరిచి ఉండాలి. జేబులో సరిపడా డబ్బుండాలి. కొన్నది మోసుకు రావాలి. ఒక్కో మెట్టు దగ్గరా కొన్ని కోరికలు వాటంతటవే రాలిపోయేవి. అవి రాలిపోతున్నాయని కూడా మనకు తెలిసేది కాదు. అదేదో మన నిగ్రహం అనుకునేవాళ్లం. చాలావరకు అది బద్ధకం.

ఆన్‌లైన్ అమ్మకాల కథంతా ఈ మెట్లను ఒక్కొక్కటిగా తీసేసిన కథే. ఒక్క క్లిక్కుతో ఆర్డర్ అయిపోయే పద్ధతికి అమెజాన్ 1997లో దరఖాస్తు పెట్టి, 1999లో పేటెంట్ తెచ్చుకుంది. 2017లో గడువు తీరేవరకూ దాన్ని కాపాడుకుంది. ఒక బటన్ తగ్గించడానికి అంత విలువ ఉందన్నమాట. 2007లో ఐఫోన్, ఆ మరుసటి ఏడాది యాప్ స్టోర్, 2010లో ఐప్యాడ్ వచ్చాయి. అప్పట్లో చాలామంది ఫోన్‌లో చూసేవాళ్లే కానీ, కొనడానికి కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్లు. ఆ చిన్న తెర మీద అడ్రసు, కార్డు మీదున్న అంకెలన్నీ కొట్టే ఓపిక ఎవరికుంటుంది? అమ్మేవాళ్లు సరిగ్గా ఆ ఇబ్బంది మీదే పనిచేశారు. కార్డు, అడ్రసు ఒకసారి ఇస్తే యాప్ గుర్తుపెట్టుకోవడం మొదలైంది. 2013లో ఐఫోన్‌కు వేలిముద్రతో తెరిచే వీలు వచ్చింది, 2014లో ఫోన్‌తోనే డబ్బు కట్టే ఆపిల్ పే వచ్చింది. మిగతా ఫోన్లూ అదే దారి పట్టాయి. ఇవన్నీ మనం మెచ్చుకుని వాడుకుంటున్న సౌకర్యాలే, ఎవరో మన మీద పన్నిన కుట్ర కాదు. కాకపోతే ఇప్పుడు నిద్రమత్తులో ఉన్న మనిషి కూడా బొటనవేలు ఆనిస్తే చాలు, డ్రిల్లు మిషను బయల్దేరిపోతుంది.

డబ్బు చేతిలోంచి పోతుంటే మనసు చివుక్కుమంటుంది. ఆ చివుక్కుమనడం తగ్గితే ఏమవుతుందో చూపించిన ప్రయోగం ఒకటుంది. అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో ప్రెలెక్, సైమస్టర్ అనే ఇద్దరు పరిశోధకులు బాస్కెట్‌బాల్ టికెట్లకు వేలంపాట పెట్టి, ఫలితాలు 2001లో ప్రచురించారు. నగదే ఇవ్వాలన్న షరతు మీద పాడినవాళ్లకన్నా, కార్డుతో కట్టొచ్చన్న షరతు మీద పాడినవాళ్లు దాదాపు రెట్టింపు పాడారు. అదింకా స్మార్ట్‌ఫోన్ రాని కాలం. ఫోన్‌లో కార్డు కూడా కంటికి కనబడదు.

ఇంకొకటి మీవారి విషయానికి మరీ దగ్గరగా ఉంది. బాస్టన్ కాలేజీకి చెందిన బ్రాజెల్, గిప్స్ 2014లో ప్రచురించిన పరిశోధనలో, వస్తువులను మౌస్‌తో చూసినవాళ్లకన్నా టచ్ స్క్రీన్ మీద వేలితో తాకుతూ చూసినవాళ్లకు అవి తమవే అన్న భావన ఎక్కువగా కలిగింది. రాత్రిపూట మీవారు ఆ బొమ్మను వేలితో పెద్దది చేసి, ఇటు తిప్పి, అటు తిప్పి చూస్తున్నారంటే, డబ్బు కట్టకముందే అది సగం ఆయనదైపోయింది. ఇక కట్టడం ఒక లాంఛనం. ఆయనకు కావలసిన ఆనందం బహుశా అక్కడితోనే తీరిపోతోంది. పార్సిల్ వచ్చేసరికి దాన్ని విప్పే ఆసక్తి కూడా మిగలడం లేదు. మంచం కింద పెట్టెలు విప్పకుండా పడి ఉండడానికి నాకు తోచిన కారణం ఇదే.

వీటికి తోడు "ఇంకా రెండే మిగిలాయి", "ఆఫర్ పది నిమిషాల్లో ముగుస్తుంది" అంటూ కంగారు పెట్టే పలకలు. మనిషిని తనకు అక్కర్లేని నిర్ణయం వైపు నెట్టే ఇలాంటి డిజైన్లకు హ్యారీ బ్రిగ్నల్ అనే ఆయన 2010లో 'డార్క్ ప్యాటర్న్స్' అని పేరు పెట్టాడు. ఆ పేరు తర్వాత చట్టాల్లోకి, ప్రభుత్వాల నిబంధనల్లోకి కూడా ఎక్కింది.

ఇంత చెప్పింది ఎందుకంటే, మీవారి బలహీనత ఒక్కటే ఇక్కడ పనిచేయడం లేదు. కోరికకూ కొనడానికీ మధ్య ఉండాల్సిన ఎడం పోయింది. గట్టు లేని బావి దగ్గర మనిషిని నిలబెట్టి, నువ్వు జాగ్రత్తగా ఉండాల్సింది అంటే సరిపోదు, గట్టు కట్టాలి. మీరు చేసిందేమిటంటే, గట్టు కట్టే బదులు మీరే వెళ్లి దాని స్థానంలో నిలబడ్డారు. దాంతో ఆయన తన కోరికతో తేల్చుకోవాల్సింది పోయి మీతో తేల్చుకుంటున్నారు. ఇప్పుడు ఒక ఆర్డర్ పెట్టడమంటే ఆయనకు వస్తువు కొనడం ఒక్కటే కాదు, మీ అదుపు తప్పించుకోవడం కూడా. అందులో ఇంకో రకం తృప్తి ఉంటుంది. దాన్ని మీరే కల్పించారు. అడ్డు ఉండాల్సిందే, కానీ అది ఆయన చేత్తో ఆయన పెట్టుకున్నదై ఉండాలి. ఇక మీ ముందున్న దారులు చూద్దాం. దేనికి ఉండే ఖర్చు దానికుంది.

ఉన్నది ఉన్నట్టే ఉంచడం ఒక దారి. కార్డు మీ దగ్గర, పాస్‌వర్డ్ మీ దగ్గర. కొన్నాళ్లు ఖర్చు తగ్గినట్టు కనిపిస్తుంది. కానీ ఇంకో కార్డు తీసుకోవడానికి, ఇంకో అకౌంటు తెరవడానికి ఎంతసేపు పడుతుంది? ఇప్పుడే కొని తర్వాత కట్టండి అనే అప్పులు ఆ యాప్‌లలోనే దొరుకుతున్నాయి. ఇప్పటిదాకా మీ ఇంట్లో అనవసరపు ఖర్చు ఉంది. ఈ దారిలో వెళితే రహస్యపు అప్పు కూడా వచ్చి చేరొచ్చు. దీన్ని నేను మెచ్చను.

చూసీ చూడనట్టు వదిలేయడం రెండోది. ఇద్దరి సంపాదన బాగుండి, పొదుపు సాగిపోతూ ఉంటే ఇదీ ఒక పద్ధతేనని ఒప్పుకునేదాన్ని. కొందరికి వాచీ బెల్టులు సరదా, పోనిద్దురూ. మీ ఇంట్లో పొదుపు ఆగింది, బాబు చూసి నేర్చుకుంటున్నాడు, మీరు లోలోపల ఉడికిపోతున్నారు. వదిలేశాననుకుంటారు కానీ వదలరు. ఏదో ఒక రోజు సంబంధం లేని విషయం మీద అది బయటపడుతుంది.

అకౌంట్లు విడగొట్టుకోవడం మీరే అడిగారు. ఇది బాగా నడుస్తున్న కుటుంబాలు చాలా ఉన్నాయి. జీతాలు పడగానే ఇంటి ఖర్చులకూ పొదుపుకూ ముందు పక్కన పెట్టేస్తారు. ఆ తర్వాత ఇద్దరూ సమానంగా కొంత సొంతానికి ఉంచుకుంటారు. ఆ డబ్బుతో ఎవరు ఏం కొన్నా ఇంకొకరు ప్రశ్నించరు. నాకు ఇది నచ్చుతుంది. ఎందుకంటే పొదుపు ముందే పక్కకు పోతుంది కాబట్టి రాత్రి పదకొండింటి బొటనవేలికి అది అందదు. కానీ దీనికో షరతుంది, అది మీకే కష్టం. ఐదో టార్చిలైటు వచ్చినా మీరు పెదవి విప్పకూడదు. పార్సిల్ అందుకుంటూ ఒక నిట్టూర్పు విడిచినా ఒప్పందం చెడినట్టే. అది మీ వల్ల కాదనిపిస్తే ముందే ఆయనతో చెప్పండి. సామాను ఎక్కడ పెట్టుకోవాలన్నది మాత్రం వేరే సంగతి. మంచం కింది చోటు ఇద్దరిదీ కాబట్టి, దాని గురించి మాట్లాడే హక్కు మీకుంది.

నాలుగోది కొంచెం నెమ్మదిగా పనిచేస్తుంది. ఎడాన్ని ఆయన చేతే మళ్లీ పెట్టించడం. ముందు మీరు మార్చిన పాస్‌వర్డ్ ఆయనకు తిరిగి ఇచ్చేయండి. ఇచ్చేటప్పుడు "చెప్పకుండా చేయడం నాది పొరపాటు, కానీ పొదుపు ఆగినందుకు నాకు టెన్షన్‌గా ఉంది" అని రెండూ కలిపి చెప్పండి. మొదటి సగం చెప్పకపోతే రెండో సగం ఆయన వినరు. పక్కింటి పార్సిల్‌ను సాక్ష్యంలా బయటపెట్టకండి. "ఆవిడ తెచ్చిచ్చింది, అల్మారాలో పెట్టాను" అంటే చాలు.

తర్వాత ఇద్దరూ కలిసి గత మూడు నెలల ఆర్డర్ల జాబితా చూడండి. ఇక్కడే మీ చివరి మాట దగ్గరికి వస్తున్నాను. "నావన్నీ అవసరాలే" అన్నారు కదా. కావచ్చు. ఆ జాబితాలో మీవి కూడా ఆయనవాటి పక్కన పెట్టి చూడండి. సరుకులు, బాబు బట్టలు సరే. ఉచిత డెలివరీ కోసం మొత్తం సరిపోవాలని చివర్లో వేసినవి ఎన్ని? అదే చొక్కా ఇంకో రంగులో తీసుకున్నవి ఎన్ని? ఇంటి కోసం కొన్నానన్న మాట కింద కూడా కొన్ని కోరికలు చక్కగా దాక్కుంటాయి. మీ జాబితాలో ఏమీ దొరక్కపోతే మంచిదే. ఒకటి రెండు దొరికితే వాటిని మీరే ముందు చెప్పండి. ఆ గదిలో నిందితుడు ఒక్కడే ఉన్నట్టు ఆయనకు అనిపించకూడదు.

ఆయన ఒప్పుకుంటే చేయగలిగినవి చాలా చిన్న పనులు. యాప్‌లో దాచిన కార్డును ఆయనే తీసేయడం, ప్రతిసారీ అంకెలు కొట్టుకోవడం. యాప్ నోటిఫికేషన్లు ఆపేయడం. కుదిరితే యాప్‌నే తీసేసి, కావాల్సినప్పుడు కంప్యూటర్లో కొనడం. నచ్చింది కార్ట్‌లో వేసి ఒక రోజు ఆగడం. ఆగితే ఏమవుతుందో కూడా చెప్పాలి. "మీ కార్ట్‌లో వస్తువులు ఎదురుచూస్తున్నాయి" అని మెసేజీ వస్తుంది, ఒక్కోసారి కొంత తగ్గింపు కూడా ఇస్తారు. ఆ తగ్గింపు చూసి "ఆగడం మంచిదైంది, మిగిలింది" అని కొనేస్తే మొదటికొచ్చినట్టే. ఆఫర్‌లో సగం మిగిలిందన్న ఆయన వాదన కూడా ఇలాంటిదే. మిగిలినట్టు కనబడే సగం ఎక్కడా జమ కాదు, కట్టిన సగం మాత్రం ఖాతాలోంచి పోతుంది. ఈ మాట మీరు చెబితే పోట్లాట అవుతుంది. ఖాతా స్టేట్‌మెంట్ ఇద్దరి ముందూ ఉంటే మీరు చెప్పనవసరం లేదు.

రిటర్న్ సంగతి కూడా అంతే. తిరిగి ఇచ్చేయొచ్చులే అన్న ధీమా కొనడాన్ని తేలిక చేస్తుంది. ఇవ్వడానికేమో మళ్లీ ప్యాక్ చేయాలి, ఎవరో ఒకరు ఇంట్లో ఉండి అప్పగించాలి. కొనేటప్పుడు తీసేసిన మెట్లన్నీ ఇక్కడ భద్రంగా ఉన్నాయి. ఒక ఆదివారం ఇద్దరూ కూర్చుని ఆ పెట్టెలు బయటికి తీయండి. గడువున్నవి పంపేయండి, గడువు దాటినవి ఎవరికైనా ఇచ్చేయండి. ఆ పని చేస్తున్నప్పుడు దయచేసి వ్యాఖ్యానాలు వద్దు.

ఈ నాలుగో దారికీ లోపం ఉంది. ఆయన ఒప్పుకోకపోతే ఇందులో ఏదీ జరగదు. ఒప్పుకున్నా మధ్యలో జారతారు. జారినప్పుడు ఆయనంతట ఆయన వచ్చి చెబితే అది ముందడుగే. మూడో దారినీ దీన్నీ కలిపి నడపొచ్చు. మీ ఇంటికి నేనైతే అలాగే అనుకుంటాను. కానీ ఆయన్ని మీరు ఎరుగుదురు, నేను ఎరగను.

ఒక్క విషయంలో మాత్రం ఇంకా జాగ్రత్తగా చూడమంటాను. కొనాలని కూర్చోకపోయినా చేయి దానంతటదే అటు పోతోందా? మానేద్దామని ఆయనే అనుకుని పలుమార్లు ఓడిపోయారా? కొన్న వెంటనే సిగ్గుపడి దాచేస్తున్నారా? మీకు తెలియని అప్పులున్నాయా? వీటిలో రెండు మూడింటికి అవునన్నది జవాబైతే, ఇది భార్యాభర్తల ఒప్పందాలతో తేలేది కాదు. ఆపుకోలేని కొనుగోళ్ల గురించి జర్మన్ మనోవైద్యుడు ఎమిల్ క్రెపెలిన్ 1915లోనే రాశాడు, అంటే ఇది ఫోన్ పుట్టించిన జబ్బు కాదు. ఫోన్ దానికి రాత్రింబవళ్లు తెరిచి ఉండే తలుపు ఇచ్చింది, అంతే. అలాంటప్పుడు కౌన్సెలర్‌ను కలవడం మంచిది. దిగులు, ఆందోళన వంటివి వెనకాల ఉంటే వాటికీ దారి దొరుకుతుంది. పక్కింటి అడ్రసు ఒక్కటీ చూసి ఆ నిర్ణయానికి రాకండి. అది మీకు దొరక్కూడదని చేసిన పని కూడా కావచ్చు.

బాబు విషయం మిగిలింది. పెద్దవాళ్ల చర్చ తేలేదాకా దీన్ని ఆపనవసరం లేదు, ఈరోజే చేయండి. ట్యాబ్లెట్‌లో మీ అకౌంటూ, మీ కార్డూ ఉంటే అది పిల్లవాడి చేతిలో పెట్టిన పర్సు. ఇలాంటి గొడవలు ఎంత పెద్దవయ్యాయంటే, పిల్లలు తల్లిదండ్రులకు తెలియకుండా యాప్‌లలో చేసిన ఖర్చుల విషయంలో అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో 2014లో కుదిరిన ఒప్పందాల ప్రకారం ఆపిల్ కనీసం 3.25 కోట్ల డాలర్లు, గూగుల్ కనీసం 1.9 కోట్ల డాలర్లు వినియోగదారులకు వాపసు ఇవ్వడానికి అంగీకరించాయి. ఆ ట్యాబ్లెట్‌లోంచి షాపింగ్ యాప్ తీసేయండి, బాబుకు పిల్లల ప్రొఫైల్ పెట్టండి, ఏది కొనాలన్నా పాస్‌వర్డ్ అడిగేలా సెట్టింగ్ మార్చండి. ఇది మీవారికి ముందే చెప్పి చేయండి. వీలైతే ఆయన చేతే చేయించండి. హెడ్‌ఫోన్లు తిరిగి పంపేటప్పుడు ప్యాకింగ్ బాబు చేత చేయించి, డెలివరీ మనిషికి వాడి చేతే ఇప్పించండి. తిట్టొద్దు. "నాన్న కూడా అంతేగా" అన్న మాటకు జవాబు మీరు చెప్పకండి, అది వాళ్ల నాన్నకు వదిలేయండి. బాబు అలా అన్నాడని మాత్రం ఆయనకు చెప్పండి, అదీ ఇద్దరే ఉన్నప్పుడు.